క్రూసియన్ కార్ప్‌కి వాసన కాదు, రుచి ముఖ్యం

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పత్రికలో గాలం వేట మీద వచ్చిన వ్యాసం చదివాను. ఈ విషయానికి మన భాషలో అంత చోటు ఇచ్చినందుకు సంతోషం. కానీ చల్లటి దేశాల చెరువుల్లో ఉండే క్రూసియన్ కార్ప్ అనే చేప గురించి రాసిన చోట, ఎరకు వాసన మందు ఎంత ఘాటుగా పట్టిస్తే చేప అంత తొందరగా వస్తుందన్నట్టు రాశారు. అది చదివి కొత్తగా గాలం పట్టినవాళ్లు రోజంతా ఖాళీ చేతులతో కూర్చుంటారేమో అన్న బాధతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేనూ మొదట్లో అదే నమ్మాను. ఒకరోజు పిండి ముద్దలో వెల్లుల్లి వాసన మందు దాదాపు సగం సీసా ఒంపేసి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. గాలం తాడుకు కట్టి నీళ్ల మీద తేలేసిన బెండు అప్పుడప్పుడు సన్నగా వణికేది, ఆగిపోయేది, అంతే. పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం చిన్న వానపాము ముక్క గుచ్చి ఒకదాని తర్వాత ఒకటి పైకి లాగుతున్నాడు. నా అవస్థ చూసి, "బాబూ, నీ ముద్ద ఒకసారి నాలిక్కి తాకించి చూడు" అన్నాడు. తాకించాను. గొంతు దాకా చేదు! ఆ బెండు ఎందుకు వణికి ఆగిపోతోందో అప్పుడు అర్థమైంది. చేప రాకపోవడం కాదు, వస్తోంది, నోట్లోకి తీసుకుంటోంది, ఉమ్మేస్తోంది.

క్రూసియన్ కార్ప్ తినే పద్ధతి తెలిస్తే ఎర ఎంచుకోవడంలో సగం టెన్షన్ తీరిపోతుంది. మామూలు కార్ప్‌కి మూతి దగ్గర మీసాలుంటాయి, దీనికి ఉండవు. అడుగున బురదతో సహా నోట్లోకి పీల్చుకుంటుంది, నోటి పైకప్పు మీద ఉండే మెత్తటి, రుచి తెలిసే కండతో తిండినీ మట్టినీ వేరు చేస్తుంది, పనికిరానిది బయటికి ఊదేస్తుంది. గోల్డ్‌ఫిష్ దీనికి దగ్గరి చుట్టమే, కాబట్టి ఎవరి ఇంట్లోనైనా అక్వేరియం ఉంటే కాసేపు గమనించండి. చిన్న రాయిని తిండితో పాటు నోట్లోకి లాక్కుంటుంది, అటూ ఇటూ తిప్పుతుంది, తిండి లోపల ఉండిపోతుంది, రాయి టక్కున బయట పడుతుంది. అంత నేర్పున్న నోటిని వాసనతో మోసం చేయలేం. వాసన చేపను ఎర దాకా తీసుకొస్తుంది, మింగాలా వద్దా అని తేల్చేది నోటి లోపలి రుచి. పైగా దీనికి మనకున్నట్టు జీర్ణాశయం ఉండదు, గొంతులోని పళ్లతో నలిపిన తిండి నేరుగా పేగులోకి పోతుంది. ఒకేసారి కడుపు నింపుకునే చేప కాదు, కొంచెం కొంచెంగా ఏరుకు తినే చేప. పెద్ద ముద్ద, పెద్ద గాలం దీనికి అనవసరం. 14 నుంచి 18 నంబరు గాలం చాలు, నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుందని కొత్తవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఆ సీసాల సంగతి. నీళ్లలో చేపకు ముందుగా తెలిసేది నీటిలో కరిగేదే. వానపాము నుంచి, పురుగు నుంచి బయటికి ఊరే అమైనో ఆమ్లాలు కరుగుతాయి కాబట్టే వాటికి ఏ మందూ అక్కర్లేకుండా చేప వస్తుంది. నూనెతో చేసిన వాసన మందు నీళ్లలో కరగదు, పైకి తేలిపోతుంది, మన చేపేమో అడుగున తింటూ ఉంటుంది. కొనేముందు కాకపోయినా కొన్నాక అయినా ఈ చిన్న పరీక్ష చేసుకోండి: గాజు గ్లాసులో ఆ రోజు పట్టబోయే చోటి నీళ్లే తీసుకుని, రెండు చుక్కలు వేసి, కదపకుండా చూడండి. చుక్క పైన జిడ్డులా పరుచుకుంటే చలి రోజుల్లో దాన్ని పక్కన పెట్టేయండి. పొగలా కిందికి జారుతూ కలిసిపోతే పనికొస్తుంది. అదే గ్లాసులో చిటికెడు పిండి ముద్ద కూడా వేసి చూడండి. అరనిమిషంలో విడిపోతే అది గాలం మీద నిలవదు, పావుగంటైనా రాయిలా ఉంటే దానిలోంచి రుచి బయటికి రాదు. పైపొర మెల్లగా పొడిపొడిగా రాలుతూ లోపలి ముద్ద గట్టిగా ఉండాలి. నేను ప్రతి కొత్త పిండికీ ఇలాగే చూసుకుంటాను, ఇంతకంటే నమ్మకమైన దారి నాకు దొరకలేదు.

ఏ ఎర ఎప్పుడన్నది మాత్రం నీటి చలి చెబుతుంది, క్యాలెండర్ కాదు. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది కదా, నీళ్లు 10 డిగ్రీల సెల్సియస్ కంటే దిగితే అరుగుదల బాగా నెమ్మదిస్తుంది. అప్పుడు చిన్న వానపాము ముక్క, ఈగ పురుగు, బ్లడ్‌వర్మ్ (నీళ్ల అడుగున ఉండే సన్నటి ఎర్రటి పురుగు), ఇలాంటి కదిలే ఎరలే నయం, వాసన మందు దాదాపు వద్దే వద్దు. నీళ్లు వేడెక్కే కొద్దీ పిండి ముద్ద, రవ్వ, ఉడికించిన బార్లీ, తీపి మొక్కజొన్న, బ్రెడ్ వైపు మొగ్గుతుంది, వెల్లుల్లి, వెనిలా, సోంపు, ధనియాల వంటివి అప్పుడే పనిచేస్తాయి, అదీ చుక్కల లెక్కలోనే. వసంతంలో, నీళ్లు ఇంకా వేడెక్కుతూ ఉండగా, ఒకే గాలానికి ఒక పురుగూ ఒక మొక్కజొన్న గింజా కలిపి గుచ్చడం నాకు చాలాసార్లు కలిసొచ్చింది. గడ్డకట్టిన మంచు కింద ఆక్సిజన్ అయిపోయినా ఈ చేప ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థాన్ని వాడుకుంటూ, లాక్టిక్ ఆమ్లాన్ని ఆల్కహాల్‌గా మార్చి మొప్పల గుండా బయటికి పంపేస్తూ వారాలు, నెలలు కూడా బతికేస్తుంది. ఎంత గట్టి ప్రాణమో! అలాంటి నీళ్లలో అది ప్రాణం నిలుపుకునే పనిలో ఉంటుంది, ఏ సీసా మందూ దాన్ని కదిలించదు.

చల్లే మేత గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు. గాలానికి గుచ్చే ఎర ఎంత ముఖ్యమో చుట్టూ చల్లేది అంతే ముఖ్యం. బ్రెడ్ పొడి, వేయించి దంచిన పొద్దుతిరుగుడు గింజలు, కాస్త మట్టి కలిపి నిమ్మకాయంత ఉండలు మొదట రెండో మూడో వేసి ఆగాలి. చేప తగలడం మొదలయ్యాక అప్పుడప్పుడు ఒకటి. గాలానికి పెట్టిన ఎరనే సన్నగా తరిగి ఆ మేతలో కలిపితే చేపకు అనుమానం రాదు. బుట్టలకొద్దీ పోసేవాళ్లను చూశాను, మనసు కలుక్కుమంటుంది. తినగా మిగిలింది అడుగున కుళ్లుతుంది, కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. క్రూసియన్ కార్ప్ తట్టుకుంటుందేమో గానీ అదే నీళ్లలో ఉన్న మిగతా చేపలు తట్టుకోలేవు. కొన్ని చోట్ల మేత చల్లడమే నిషేధం, ముందు అడిగి తెలుసుకోవాలి.

ఎర సరిగ్గా ఉందో లేదో బెండే చెప్పేస్తుంది. నచ్చిన ఎరను నోట్లో పెట్టుకుని చేప తల పైకెత్తితే కింది సీసపు గుండు కూడా లేస్తుంది, బెండు మునగకుండా పైకి లేచి నీళ్ల మీద అడ్డంగా పడుకుంటుంది. అప్పుడు లాగాలి. వణికి ఆగిపోతోందంటే ముందు ఎర సైజు తగ్గించండి, ఆ తర్వాత వాసన లేని ఎరకు మారండి, చేతులకు పెట్రోలు, సిగరెట్, క్రీమ్ లాంటివేవీ అంటకుండా కడుక్కుని మళ్లీ గుచ్చండి.

మీరు ఇలాంటి వ్యాసం మళ్లీ వేసేటప్పుడు ప్రతి ఎర పక్కనా ఏ నీటి వేడికి పనికొస్తుందో, వాసన మందు అయితే నూనెతో చేసిందా నీళ్లలో కరిగేదా అన్నది కూడా వేయించండి. అవసరమైతే పరీక్షించి చూసిన పిండి ముద్దల కొలతలు రాసి పంపడానికి నేను సిద్ధం.

ఇట్లు,
మీ పాఠకుడు