ఇంటికి ఒక రూలు చాలు

తల్లిదండ్రులకు, అవ్వాతాతలకు నమస్కారం.

పోయిన శనివారం మీటింగులో ఆరో తరగతి గది ముందు జరిగింది ఈపాటికి వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టి వచ్చింది కాబట్టి దాచేదేమీ లేదు. "రెండు తగిలించండి మేడమ్, మేమంతా అట్లే పెరిగినాం" అని తాతగారు. "నా కొడుకు మీద చెయ్యి పడితే ఊరుకోను" అని తండ్రిగారు. మధ్యలో బిడ్డ తల వంచుకుని నిలబడ్డాడు. వీడియో తీసిన మహానుభావులు ఎవరో గానీ, దయచేసి దాన్ని తీసేయండి.

ముందు బడి సంగతి. ఇక్కడ బెత్తం లేదు. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. "మాకు అభ్యంతరం లేదు, కొట్టండి" అని మీరు రాసిచ్చినా చెల్లదు.

అలాగని తాతగారిని తప్పుపట్టబోను. 1971 ప్రాంతంలో మన దేశంలో ఒక్కో తల్లికి సగటున అయిదుగురికి పైగా పిల్లలు. చేను పనుల మధ్య అంతమందినీ కూర్చోబెట్టి నచ్చజెప్పే తీరిక ఎవరికుంది? ఒక్క గద్దింపుతో పని జరిగిపోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ సగటు 1.7. ఇప్పుడు చాలా ఇళ్లలో ఒక్క బిడ్డకు అమ్మానాన్నలు, రెండు వైపుల అవ్వాతాతలు కలిపి ఆరుగురు పెద్దలు. తాము పడ్డ భయం తమ బిడ్డ పడకూడదని ముప్పై అయిదేళ్ల నాన్న అనుకోవడంలోనూ న్యాయముంది. చిక్కల్లా ఒకే ప్రశ్నకు ఇంట్లో మూడు జవాబులు దొరకడం. నాన్న కాదంటే అమ్మ, అమ్మ కాదంటే అవ్వ. ఎవరిని ఏ వేళప్పుడు అడగాలో పిల్లలకు బాగా తెలుసు.

ఫోనే తీసుకోండి. ఇవ్వడం మానేసిన మొదటి రెండు మూడు రోజులు ఏడుపు తగ్గకపోగా పెరుగుతుంది. అది మామూలే. మూడో రాత్రి అవ్వ మనసు కరిగి "పాపం, అన్నం తినేదాకా" అని చేతికిస్తుంది. అక్కడే చెడింది. ఇంతసేపు ఏడిస్తే వస్తుందని బిడ్డ నేర్చేసుకున్నాడు, ఈసారి మాన్పించడం ఇంకా కష్టం. అందుకని పిల్లలు నిద్రపోయాక పెద్దలంతా కూర్చుని ఫోను, నిద్ర, చిల్లర డబ్బులు, ఈ మూడింటి మీద ఒక మాటకు రండి. నిమిషాలూ రూపాయలూ అంకెల్లో రాసి గోడకు అంటించండి, "కొంచెంసేపు" అంటే ఎవరి కొంచెం వాళ్లది. ఒకరు కాదన్నాక పిల్లల ముందు ఇంకొకరు ఔననకండి. 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకు కనీసం 9 గంటల నిద్ర కావాలి. పదకొండింటికి పడుకుని ఆరున్నరకు లేచే పిల్లలు మొదటి పీరియడ్‌లో ఏం చేస్తున్నారో ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు, కుర్చీలు వేయిస్తాం.

ఇక, ఇంట్లో అవ్వాతాతలు ఉండి కూడా బిడ్డకు తెలుగు చదవడం రాకపోవడం ఏమిటండీ! రాత్రి భోజనాలయ్యాక పదిహేను నిమిషాలు టీవీ కట్టేయండి. పిల్లలు పైకి చదవాలి, పెద్దలు వినాలి. పేపరు కావచ్చు, వేమన పద్యాలు కావచ్చు. తప్పు దొర్లిన ప్రతిచోటా ఆపకండి, ఆపితే అర్థం వదిలేసి మీ మొహం చూస్తూ చదువుతారు. వాక్యం అయ్యాక ఆ మాట ఒక్కటి మళ్లీ చదివించండి. మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేవాళ్లు ఒత్తుల దగ్గర దొరికిపోతారు, వాళ్లచేత వేలు పెట్టి చదివించండి. కాడి, కల్లం, గానుగ అంటే ఏమిటో మా టీచర్ల కన్నా అవ్వాతాతలకే తెలుసు. దీనికి ట్యూషన్ వద్దు, ఫీజు వద్దు, ఓపిగ్గా వినే మనిషి ఒకరుంటే చాలు!

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు కంటి ఆపరేషన్ అయిన అవ్వకు రోజూ పేపరు చదివి వినిపించింది. ఇప్పుడు ప్రార్థనలో వార్తలు చదివేది ఆ అమ్మాయే, ఒక్క ఒత్తు జారదు. ఏడో తరగతి అబ్బాయిలిద్దరు తాతల్ని అడిగి చెనక్కాయల సాగు మీద రాసుకొచ్చిన నోట్సును సైన్స్ టీచర్ స్టాఫ్ రూమంతా తిప్పి చూపించారు. పేర్లు వద్దని పిల్లలే అన్నారు గానీ, లేకుంటే ఇక్కడ పెద్దక్షరాల్లో వేసేదాన్ని.

పరీక్షల టైమ్‌టేబుల్ డైరీలో ఉంది. బ్రహ్మోత్సవాల రోజుల్లో అలిపిరి వైపు బస్సు పావుగంట ముందే వస్తుంది. క్యారియర్లో చిప్స్ పొట్లం పెట్టి "ఇంకేమీ తినడు మేడమ్" అని చీటీ పంపే అమ్మలు ఒక్క వారం సంగటి, ఊరిబిండి పెట్టి చూడండి.

ఆరో తరగతి వాళ్లకు మళ్లీ మీటింగు రెండో శనివారం ఉదయం 10 గంటలకు. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనూ వెంటబెట్టుకుని రండి, పిల్లల్ని మాత్రం తీసుకురావద్దు. ఫోన్లు గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఇవ్వాలి.

ప్రధానోపాధ్యాయురాలు,
తిరుపతి