మిల్లు గడియారం ఎవరి చేతిలో ఉంది?

సంపాదకులకు నమస్కారం.

ఫ్యాక్టరీల్లో రోజు పనిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచే సవరణకు 2025లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అప్పటి నుంచి పని గంటల మీద మీ పత్రికలో లేఖలు వస్తూనే ఉన్నాయి. వాటిలో ఒక మాట పదే పదే కనిపిస్తోంది: ఇంగ్లండు కూడా పది గంటల చట్టం పెట్టుకునే పైకొచ్చింది, మనకేం పోయింది అని. పారిశ్రామిక విప్లవం పాఠం ఏటా పిల్లలకు చెప్పే ఉపాధ్యాయులం కాబట్టి ఆ మాటను అలా వదిలేయలేక ఈ లేఖ రాస్తున్నాం.

1847 నాటి ఇంగ్లండు చట్టం పన్నెండు గంటల పనిని పదికి దించింది. అదీ ఒక్క జవుళి మిల్లుల్లోనే, ఆడవాళ్ళకూ 13 నుంచి 18 ఏళ్ళ లోపు వాళ్ళకూ మాత్రమే. 1847 జులై 1 నుంచి వారానికి 63 గంటలు, 1848 మే 1 నుంచి 58 గంటలు అని రెండు మెట్లుగా అమలు చేశారు. మగవాళ్ళ ఊసు అందులో లేదు. అయినా వాళ్ళకూ పని తగ్గింది. మ్యూల్ అనే నూలు వడికే యంత్రం దగ్గర తెగిన పోగుల్ని అతికే పిల్లలు లేకుండా వడికేవాడు ఒక్కడూ యంత్రాన్ని నడపలేడు. పిల్లలూ ఆడవాళ్ళూ ఇంటికి వెళ్ళిపోతే మిల్లంతా ఆపుకోవాల్సిందే. ఈ సంగతి తెలిసే కార్మికులు ఆడవాళ్ళ పేరు మీద, పిల్లల పేరు మీద పది గంటలు అడిగారు.

ఇంతకీ ఆ గంటల్ని కొలిచేది ఎవరు? మన చర్చలో ఈ ప్రశ్నే ఎక్కడా కనిపించడం లేదు. ఇంగ్లండులో సగం పోరాటం దీని చుట్టూనే జరిగింది.

మ్యాకిల్స్‌ఫీల్డ్ అనే పట్టణంలో పార్క్ గ్రీన్ మిల్లు కోసం 1810లో చేసిన నిలువు గడియారం ఒకటి ఇప్పటికీ భద్రంగా ఉంది. దానికి రెండు ముఖాలు. ఒకటి అందరి ఇళ్ళలో ఉండేలాంటి మామూలు గడియారం. రెండోదాన్ని మిల్లు నీటిచక్రానికి కలిపారు. చక్రం తిరిగితేనే దాని ముల్లు కదులుతుంది. ఏట్లో నీరు తగ్గి చక్రం నెమ్మదిస్తే ఆ ముల్లూ నెమ్మదిస్తుంది. మొదటి ముఖం ఏడు గంటలు చూపిస్తున్నా రెండోది ఆరున్నర దగ్గరే ఉండొచ్చు. ఆ అరగంటా పనివాళ్ళు నిలబడి పూడ్చాలి. వాన కురవకపోతే వచ్చే నష్టాన్ని యజమాని మీద పడకుండా కూలివాడి నిద్రలోంచి కోసుకోవడానికి ఇంత పనితనంతో ఒక యంత్రం తయారు చేసుకున్నారు.

గడియారం ఒక్కటే ఉన్న మిల్లుల్లో దాని ముళ్ళనే జరిపేవాళ్ళని కార్మికులు చెప్పుకున్నారు: పొద్దున ముందుకు, సాయంత్రం వెనక్కి. సొంత గడియారం జేబులో వేసుకుని రావడానికి మనుషులు భయపడేవాళ్ళు. అందుకే 1844 చట్టంలో ఒక చిన్న నిబంధన చేర్చారు. పని వేళలు ఊరందరికీ కనిపించే గడియారాన్ని బట్టి, ఉదాహరణకు దగ్గర్లోని రైల్వే గడియారాన్ని బట్టి నడవాలి, మిల్లు గడియారాన్ని దానితో సరిచేసుకోవాలి. పని మొదలయ్యే వేళ, ముగిసే వేళ, తిండి విరామాలు అచ్చు వేయించి గోడకు తగిలించాలి. చూడటానికి గుమాస్తా పనిలా ఉంటుంది గానీ, మా దృష్టిలో ఆ శతాబ్దపు కార్మిక చట్టాల్లో ఇంత పనికొచ్చిన వాక్యాలు చాలా తక్కువ.

అయినా దొంగతనం ఆగలేదు, నిమిషాల్లోకి దిగింది. 1856లో ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లు తమ నివేదికలో ఆ లెక్క కట్టి చూపించారు. పొద్దున ఆరుకు ముందు 15 నిమిషాలు, సాయంత్రం ఆరు దాటాక 15, ఉదయం ఫలహారం వేళలో 10, మధ్యాహ్నం భోజనంలో 20. రోజుకు గంట. శనివారం 40 నిమిషాలు. వారానికి మొత్తం 340 నిమిషాలు, అంటే ఐదు గంటల నలభై నిమిషాలు. ఏడాదికి 50 వారాలు వేసుకుంటే 27 పనిదినాలు. ఏ ఒక్క రోజు చూసినా ఎవరూ పెద్దగా పట్టించుకోని నిమిషాలే. ఏడాది చివర కూడితే దాదాపు నెల రోజుల పని, కూలి లేకుండా.

ఇన్‌స్పెక్టర్లు అన్నాం గానీ, వాళ్ళు రావడానికే ముప్పై ఏళ్ళు పట్టింది. 1802లో తొలి చట్టం వచ్చినప్పుడు మిల్లుల్లో పెట్టుకున్న అనాథ పిల్లలకు రోజుకు 12 గంటలకు మించి పని వద్దన్నారు, రాత్రి పని వద్దన్నారు, ఏడాదికి రెండుసార్లు గోడలకు సున్నం కొట్టించమన్నారు. తనిఖీని మాత్రం స్థానిక మేజిస్ట్రేట్లు నియమించే ఇద్దరు సందర్శకులకు అప్పగించారు, వాళ్ళలో ఒకరు మతగురువు. జీతం లేని పని, పైగా మిల్లు యజమానితో రోజూ ముఖాలు చూసుకోవాల్సిన ఊరు. చట్టం కాగితంలోనే మిగిలింది. 1819 చట్టం తొమ్మిదేళ్ళ లోపు పిల్లల్ని నూలు మిల్లుల్లో పెట్టుకోకూడదంది, దానికీ అదే గతి పట్టింది. మిల్లుల కేసుల్లో మిల్లు యజమాని గానీ ఆయన తండ్రి గానీ కొడుకు గానీ మేజిస్ట్రేటుగా కూర్చోకూడదని 1825లో చట్టంలో రాయాల్సి వచ్చిందంటే అప్పటిదాకా తీర్పులు ఎలా నడిచాయో ఊహించుకోవచ్చు.

1833 చట్టం జీతమిచ్చి నలుగురు ఇన్‌స్పెక్టర్లను పెట్టింది. తొమ్మిది నుంచి పదమూడేళ్ళ లోపు పిల్లలకు వారానికి 48 గంటలు, రోజుకు రెండు గంటల చదువు. ఇన్‌స్పెక్టర్లకు ఎదురైన మొదటి చిక్కు పిల్లల వయసు. ఇంగ్లండులో జననాల నమోదు 1837 జులైలో గానీ మొదలు కాలేదు. అప్పటిదాకా వైద్యుడు పిల్లవాణ్ణి చూసి, తొమ్మిదేళ్ళ ఒడ్డూ పొడుగూ ఉన్నాయని రాసిస్తే అదే వయసు. కూలి అవసరమైన తల్లిదండ్రులు, చవక చేతులు కావాల్సిన యజమాని ఇద్దరూ ఒకే అబద్ధం చెబుతుంటే వైద్యుడు మాత్రం ఏం చేస్తాడు? చివరికి ఎడ్విన్ సాండర్స్ అనే దంతవైద్యుడు 1837లో, ఎత్తు కంటే పళ్ళు వయసును నమ్మకంగా చెబుతాయని చూపించాడు. ఇన్‌స్పెక్టర్లలో లియొనార్డ్ హార్నర్ ఇలాంటి కొలతలన్నీ శ్రద్ధగా పట్టించుకున్న మనిషి. ఇరవై ఐదేళ్ళకు పైగా ఆ పనిలోనే ఉన్నాడు.

1847 తర్వాత యజమానులు కనిపెట్టిన ఉపాయం వంతుల పద్ధతి. ఆడవాళ్ళనూ కుర్రవాళ్ళనూ గుంపులుగా విడగొట్టి ఒక గుంపును ఆరింటికి, ఇంకోదాన్ని ఎనిమిదింటికి ఎక్కించేవాళ్ళు. మధ్యలో గంటో అరగంటో బయటికి పంపి మళ్ళీ పిలిచేవాళ్ళు. ఒక్కొక్కరి లెక్కలో పది గంటలే, మిల్లు తిరిగేది మాత్రం పద్నాలుగు, పదిహేను గంటలు. ఎవరు ఎప్పుడు ఎక్కారో, ఎప్పుడు దిగారో ఇన్‌స్పెక్టర్ ఎన్ని పుస్తకాలు తిరగేసినా తేలేది కాదు. ఈ పద్ధతి చట్టవిరుద్ధం కాదని 1850లో కోర్టు చెప్పేసింది. అదే ఏడాది పార్లమెంటు కొత్త చట్టం చేసి ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు, మధ్యలో గంటన్నర విరామం, శనివారం మధ్యాహ్నం రెండింటికి కట్టెయ్యాలి అని గీత గీసింది. దాంతో వారానికి 58 గంటలు 60 అయ్యాయి. రెండు గంటలు వదులుకున్నారని నాయకుల్ని అప్పట్లో చాలామంది తిట్టారు. మా అంచనాలో ఆ రెండు గంటలకు బదులు కార్మికుడికి దక్కింది విలువైనదే: ఆరు దాటాక ఆడవాళ్ళో కుర్రవాళ్ళో మిల్లులో కనిపిస్తే ఎవరికైనా తప్పు తెలిసిపోతుంది.

ఇవేవీ దొరలు దయతలచి ఇచ్చినవి కావు. 1830 అక్టోబరులో లీడ్స్ పట్టణపు పత్రికలో అచ్చయిన ఒక లేఖతో ఈ ఉద్యమం ఊపందుకుంది. రాసినవాడు రిచర్డ్ ఓస్ట్లర్, ఒక జమీందారు దగ్గర ఎస్టేటు చూసుకునే ఉద్యోగి. ఏడు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు, ఎక్కువమంది ఆడపిల్లలు, ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా అరగంట విరామంతో పనిచేస్తున్నారని రాశాడు. వలస రాజ్యాల్లోని బానిసత్వం గురించి కన్నీరు పెట్టేవాళ్ళు లీడ్స్ ఉన్న యార్క్‌షైర్ ప్రాంతపు మిల్లు పిల్లల్ని చూడరా అని అడిగాడు. 1832 ఏప్రిల్లో మిల్లు ఊళ్ళ నుంచి వేలమంది వానలో తడుస్తూ యార్క్ దాకా నడిచి వెళ్ళారు. అదే ఏడాది పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెప్పిన కార్మికుల్లో కొందరి పని ఊడింది. ఆ సాక్ష్యాలు లేకపోతే 1833 చట్టమే లేదు.

మన సంగతికి వస్తే, 1881 నాటి భారత ఫ్యాక్టరీల చట్టం వందమందికి తగ్గకుండా పనిచేసే, యంత్రశక్తితో నడిచే చోట్లకే వర్తించింది. ఏడేళ్ళ లోపు పిల్లలు వద్దు, పన్నెండు లోపు వాళ్ళకు తొమ్మిది గంటలు. 1891లో ఆ ఏడేళ్ళ హద్దును తొమ్మిదికి పెంచి ఆడవాళ్ళకు 11 గంటల హద్దు పెట్టారు. బొంబాయి మిల్లుల పోటీకి భయపడిన ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లు యజమానుల ఒత్తిడి కూడా దీని వెనుక ఉంది. మన తీరంలో ఉప్పు కొఠార్లలో ఎండకు మాడినవాళ్ళనూ, మగ్గం గుంటలో కూర్చున్నవాళ్ళనూ ఆ చట్టం తాకనే లేదు. 1918 ఏప్రిల్లో మద్రాసులో కార్మిక సంఘం పుట్టినప్పుడు మిల్లువాళ్ళ ఫిర్యాదుల్లో మధ్యాహ్నం తిండికిచ్చే సమయం చాలడం లేదన్నదీ ఒకటి. మళ్ళీ నిమిషాల గొడవే.

ఇప్పుడు చీమకుర్తి గ్రానైటు పాలిషింగ్ యూనిట్లనూ, ఒంగోలు, నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల ఫ్యాక్టరీలనూ తలచుకోండి. రొయ్యలు వలిచే ఆడమనిషి కంపెనీ బస్సు దిగగానే పనిలో కూర్చోవడం కుదరదు. తలకు టోపీ, మూతికి మాస్కు, ఏప్రాన్, కాళ్ళకు గంబూట్లు. చేతులు కడిగి క్లోరిన్ నీళ్ళలో ముంచి, బూట్లతో నీటి గుంటలో అడుగేసి లోపలికి వెళ్ళాలి. సరుకు శుభ్రంగా ఉండాలంటే ఇదంతా తప్పదు. సాయంత్రం మళ్ళీ ఇవన్నీ విప్పాలి. పొద్దున పది, సాయంత్రం పది నిమిషాలు పడితే ఏడాదికి మూడొందల పనిదినాలకు వంద గంటలు. పది గంటల దినమైతే అది పది రోజుల కూలి. ఇచ్చేది రోజు కూలి కాక కిలో లెక్క అయితే, సరుకు లారీ ఆలస్యమై ఖాళీగా కూర్చున్న సమయం కూడా ఆమె ఖాతాలోకే పోతుంది. నీటిచక్రం నెమ్మదిస్తే వెనకబడిన ఆ ముల్లుకూ దీనికీ తేడా మాకైతే కనబడలేదు.

కాబట్టి ఫ్యాక్టరీల శాఖ, కార్మిక శాఖ అధికారులను మేము అడిగేవి మూడు. వేలిముద్ర యంత్రాన్ని బస్సు దిగే గేటు దగ్గర, బట్టలు మార్చుకునే గదికి ముందు బిగించాలి, లోపలి హాలు తలుపు దగ్గర కాదు. పని వేళలు, విరామాలు గేటు బయట రోడ్డు మీదికి కనిపించేలా తెలుగులో, ఒడిశా, బీహార్ల నుంచి వచ్చినవాళ్ళ కోసం ఒడియాలో, హిందీలో రాయించాలి. తనిఖీకి ముందుగా కబురు పెట్టకుండా, షిఫ్టు మారే వేళకు రావాలి. వంతుల్లో మనుషుల్ని ఎక్కించి దించే మోసం ఆ వేళకు తప్ప దొరకదు.

మీ జిల్లా విలేకరులు ఒక్క పూట వెచ్చించి, ఏ గేటు దగ్గర ఆ బోర్డు ఉందో, ఆ యంత్రం ఎక్కడ బిగించారో చూసి రాస్తే సంతోషిస్తాం.

ఇట్లు,
కొందరు సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు,
ఒంగోలు, ప్రకాశం జిల్లా