పసుపు పాల ఫార్వర్డ్ గురించి

అందరికీ నమస్కారం. పసుపు పాలు తాగితే ఒంట్లో ప్లాస్టిక్ విషం పోతుందని పొద్దున వచ్చిన మెసేజ్‌లో నిజం కొంతే ఉందండీ.

గట్టి ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్ఫినాల్-ఎ అనే రసాయనం ఇచ్చిన ఎలుకల్లో ఆక్సీకరణ ఒత్తిడి (కణాలను దెబ్బతీసే రసాయన చర్య) పెరిగి కాలేయం, వృషణాలు దెబ్బతింటాయి. తోడుగా పసుపులోని కర్క్యుమిన్ గానీ, ఉల్లిపాయలోని క్వెర్సెటిన్ గానీ ఇస్తే ఆ నష్టం తగ్గినట్టు ప్రయోగాల్లో కనిపించింది. తగ్గింది, అంతే. పైగా ఇచ్చింది విడదీసిన పదార్థం. మన పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతమే, అదీ ఒంటికి సరిగా పట్టదు.

ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో బిస్ఫినాల్-ఎ రోజువారీ పరిమితిని 20,000 రెట్లు తగ్గించింది. అసలు చూసుకోవాల్సింది ఎండలో పెట్టే, ఈ బిస్ఫినాల్-ఎతో చేసే పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ నీళ్ల క్యాన్లని. మా ఇంట్లో అటక మీది స్టీలు బిందె మళ్లీ కిందికి దిగింది!