మా తెలుగు ఓసీఆర్ అప్లికేషన్‌కు అండగా నిలిచిన ముగ్గురికి కృతజ్ఞతలు

మద్రాసులో అచ్చయిన పాత తెలుగు పత్రికల బౌండు సంపుటాలను స్కాన్ చేసి, ఆ బొమ్మల్లోని అక్షరాలను వెతకడానికి వీలైన పాఠంగా మార్చే చిన్న డెస్క్‌టాప్ అప్లికేషన్ ఇప్పుడు టీ నగర్‌లోని మా పఠనాలయంలో ఏ ఆటంకమూ లేకుండా నడుస్తోంది. దాన్ని ఈ స్థితికి తీసుకొచ్చిన ముగ్గురికి అందరి ఎదుటా కృతజ్ఞతలు చెప్పుకోవడం నా ధర్మం. అన్నానగర్ నుంచి వచ్చే బాబాయి గారు, వేళచ్చేరిలో ఉండే అక్క, తాంబరంలో ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముడు, ముగ్గురూ తమ పేర్లు వేయవద్దని గట్టిగా చెప్పారు కనుక వరసలతోనే ప్రస్తావిస్తున్నాను. వట్టి ధన్యవాదాలతో సరిపెట్టడం నాకు ఇష్టం లేదు. ఎవరు ఏ చిక్కు విప్పారో వివరంగా రాస్తే వారి శ్రమ విలువ నలుగురికీ తెలుస్తుంది, కమాండ్ లైన్ ప్రోగ్రాము (విండో లేకుండా, టైపు చేసిన ఆదేశాలతో నడిచేది) ఇచ్చే అవుట్‌పుట్‌ను తమ విండోలో చూపించాలనుకునే మరొకరికి దారి కూడా దొరుకుతుంది.

మా అప్లికేషన్ వెనక అసలు పని చేసేది టెసరాక్ట్. 1980లలో హ్యూలెట్ ప్యాకర్డ్‌లో పుట్టి, 2005లో ఓపెన్ సోర్స్‌గా విడుదలైన ఈ ప్రోగ్రాముకు తెలుగు లిపి కూడా వచ్చు, కానీ దానికి తనదంటూ విండో లేదు. సంపుటంలోని పుటలను ఒక్కొక్కటిగా టెసరాక్ట్‌కు అందించేందుకు ఒక పైథాన్ స్క్రిప్టు ఉంది. అది ప్రతి పుటకూ ముందు ‘పుట 112’ అన్నట్టు ఒక శీర్షిక రాస్తుంది, ఆ వెంటనే టెసరాక్ట్ గుర్తించిన పాఠం వస్తుంది. పఠనాలయంలో ఈ పని చూసుకునేది పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టార్లు. వారిని టెర్మినల్ తెరిచి ఆదేశాలు టైపు చేయమనడం భావ్యం కాదు. ఫోల్డరు ఎంచుకుని బటన్ నొక్కితే పుట పుటకూ పాఠం కళ్ల ముందు కనిపించాలి, తప్పు దొర్లిన పుటను వారు అప్పటికప్పుడు గుర్తుపెట్టుకోగలగాలి. విండోలు తయారుచేసే పైథాన్ లైబ్రరీ పైసైడ్6తో విండో తయారైంది. టెర్మినల్‌లో అన్నీ సక్రమంగా వస్తున్నా, అదే స్క్రిప్టును విండో నుంచి నడిపితే మాత్రం పాఠమంతా ముందు వచ్చి, పుటల శీర్షికలన్నీ చిట్టచివర గుట్టగా వచ్చి పడేవి. ఏ పాఠం ఏ పుటదో పోల్చుకునే వీలే ఉండేది కాదు.

బాబాయి గారు స్క్రిప్టు జోలికి పోకుండా, ముందు దాని అవుట్‌పుట్‌ను విండో ప్రసక్తి లేకుండా పైపు (ఒక ప్రోగ్రాము అవుట్‌పుట్‌ను మరోదానికి చేర్చే దారి) గుండా, వచ్చింది వచ్చినట్టే చూపే క్యాట్ అనే ఆదేశానికి పంపి చూపించారు. శీర్షికలు అక్కడా చివరికే చేరాయి, అంటే విండోలో దోషం లేదని తేలిపోయింది. తర్వాత ఆయన ఓపికగా వివరించారు. ప్రోగ్రాము తన స్టాండర్డ్ అవుట్‌పుట్ (మామూలు ఫలితం వెళ్లే దారి) టెర్మినల్‌కు వెళుతోందా, పైపులోకి వెళుతోందా అని మొదట్లోనే చూసుకుంటుంది. టెర్మినల్ అయితే వరుస పూర్తవగానే బయటికి పంపుతుంది. పైపు అయితే బఫరు (తాత్కాలికంగా దాచుకునే చోటు) నిండేదాకా, లేదా ప్రోగ్రాము ముగిసేదాకా తన దగ్గరే ఉంచుకుంటుంది. హోటల్లో ఎదురుగా కూర్చున్నవాడికి దోసె వేసింది వేసినట్టు వడ్డిస్తారనీ, పార్సిల్ అడిగినవాడికి అన్నీ కట్టి ఒకేసారి ఇస్తారనీ ఆయన చెప్పిన పోలికతో మాస్టార్లకు కూడా విషయం ఇట్టే బోధపడింది. టెసరాక్ట్ ప్రతి పుటకూ కొత్తగా మొదలై ముగుస్తుంది కనుక దాని పాఠం ఎప్పటికప్పుడు బయటపడేది. మొదటి నుంచి చివరిదాకా నడిచే పైథాన్ స్క్రిప్టు శీర్షికలు మాత్రం దాని బఫరులోనే ఉండిపోయేవి.

పరిష్కారం సులువైనదే. పైథాన్‌ను, బఫరులో ఉంచుకోవద్దని చెప్పే హైఫన్ యు ఐచ్ఛికంతో నడపవచ్చు, లేదా శీర్షిక రాసే ప్రింట్ పిలుపులోనే ఫ్లష్ చేయమని, అంటే బఫరులో ఉన్నది వెంటనే బయటికి పంపమని చెప్పవచ్చు. బాబాయి గారు రెండో దారినే పట్టారు, నాకూ అదే నచ్చింది. బయటికి వెళ్లాల్సిన మాటను ప్రోగ్రామే స్వయంగా బయటికి పంపితే, రేపు ఎవరు ఏ విధంగా నడిపినా ఇబ్బంది ఉండదు. మన చేతిలో లేని ప్రోగ్రాములైతే లినక్స్‌లో బఫరు తీరును మార్చే ఎస్‌టీడీబఫ్ అనే ఆదేశం ఉందనీ, అది సీ భాష ప్రామాణిక లైబ్రరీ బఫరును వాడుకునే, ఆ లైబ్రరీని నడిచేటప్పుడు జోడించుకునే ప్రోగ్రాముల మీదే పనిచేస్తుందనీ ఆయన చెప్పారు. అదీ కుదరనప్పుడు సూడో టెర్మినల్ సృష్టించి, ఎదుట నిజంగా టెర్మినల్ ఉందని ప్రోగ్రామును నమ్మించాలి. విండోస్‌లో ఆ సౌకర్యం 2018లో వచ్చిన విండోస్ 10 1809 వెర్షన్ నుంచి ఉంది. అయితే సూడో టెర్మినల్ వాడితే రంగుల సంకేతాలు, కర్సరును కదిపే సంకేతాలు కూడా పాఠంతో కలిసి వస్తాయి కాబట్టి దాన్ని చివరి ఉపాయంగా ఉంచుకోవాలన్న ఆయన సలహా అక్షరాలా పాటించదగ్గది.

రెండో చిక్కు ఇంతకంటే గడ్డుది. చిన్న పుస్తకాలు హాయిగా పూర్తయ్యేవి. పురుగు తిన్న పుటలున్న పెద్ద సంపుటాలు మాత్రం మధ్యలో ఎక్కడో నిలిచిపోయేవి. ఎంతసేపు వేచి చూసినా ఎక్కడి గొంగళి అక్కడే. ప్రాసెసరు మీద భారం లేదు, దోషం జరిగిందన్న సందేశమూ లేదు. అక్క ఆఫీసు ముగించుకుని, ఓఎంఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్డు) ట్రాఫిక్ దాటుకుని వచ్చి, ఆగిపోయిన టెసరాక్ట్‌ను, ప్రోగ్రాము ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగే పనులను (సిస్టమ్ కాల్స్) చూపే ఎస్‌ట్రేస్‌తో పరిశీలించారు. తెరమీద ఒకే ఒక్క వరుస కనిపించింది, అది కూడా అసంపూర్ణంగా. రైట్ అనే సిస్టమ్ కాల్, దాని పక్కన 2 అనే అంకె, ఆ తర్వాత రాయబోతున్న హెచ్చరిక. 2 అంటే స్టాండర్డ్ ఎర్రర్, హెచ్చరికలు, దోషాలు వెళ్లే దారి. టెసరాక్ట్ ఏదో చెప్పబోయి, చెప్పలేక ఆగిపోయిందని ఆ ఒక్క వరుసలోనే అక్కకు అర్థమైపోయింది.

కారణం ఇది. విండో వైపు నుంచి స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు ఒక పైపు, స్టాండర్డ్ ఎర్రర్‌కు మరొక పైపు ఏర్పాటై ఉన్నాయి, కానీ పాఠం వచ్చే మొదటి పైపును మాత్రమే చదవడం జరుగుతోంది. లినక్స్‌లో పైపుకు మామూలుగా ఉండే సామర్థ్యం 65,536 బైట్లు. చిరిగిన పుటల్లో టెసరాక్ట్ వరుస వరుసకూ హెచ్చరికలు రాస్తుంది. ఎవరూ చదవని ఆ రెండో పైపు నిండిపోగానే, ఖాళీ ఏర్పడేదాకా ఆగమని ఆపరేటింగ్ సిస్టమ్ టెసరాక్ట్‌ను నిలిపేస్తుంది. ఇటు విండో పాఠం కోసం, అటు టెసరాక్ట్ ఖాళీ కోసం, ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఉండిపోతారు. చిన్న పుస్తకాల్లో హెచ్చరికలు ఆ హద్దు దాటవు కాబట్టి అవి పూర్తయ్యేవి. రెండు పైపులనూ కలిపి ఒకటిగా చేస్తే ప్రమాదం తప్పుతుంది, కానీ హెచ్చరికలు పాఠంలో కలిసిపోతాయి. అందుచేత అక్క, పైసైడ్6కు ఆధారమైన క్యూటీలో వేరే ప్రోగ్రాములను నడిపే భాగమైన క్యూప్రాసెస్‌ను వాడమన్నారు. ఏ పైపులో ఏది వచ్చినా అది చదివి తన దగ్గర భద్రపరిచి, విండోకు కబురు పంపుతుంది. హెచ్చరికలు ఇప్పుడు కింది భాగంలో వేరే పెట్టెలో కనిపిస్తున్నాయి, ఏ పుటను మళ్లీ స్కాన్ చేయాలో మాస్టార్లు వాటిని చూసే నిర్ణయిస్తున్నారు. ముగిసేదాకా ఆగమనే పిలుపు విండోను కదలకుండా చేస్తుంది కాబట్టి దాని బదులు ముగిసిందన్న సిగ్నల్ అందుకుని మిగతా పని చేయాలని కూడా అక్క చెప్పారు.

తెలుగువారికి ప్రత్యేకంగా ఉపయోగపడే సంగతి ఇక చెబుతాను. అన్నీ కుదిరాక కూడా చాలా పుటల్లో ఒక్కచోట మాత్రం అక్షరం పోయి, నల్లటి వజ్రంలో ప్రశ్నార్థకం కనిపించేది. అచ్చు సరిగా లేక టెసరాక్ట్ పొరబడిందని మాస్టార్లు అనుకున్నారు. అయితే వచ్చిన బైట్లను వచ్చినట్టే దాచుకునే ఫైలును తెరిచి చూస్తే ఆ అక్షరం చక్కగా ఉంది. బాబాయి గారు ఆ పాడైన అక్షరం పుట మొదటి నుంచి ఎన్నో బైటు దగ్గర ఉందో లెక్కపెట్టించారు. ఏ పుట చూసినా 4096 దగ్గరే. టెసరాక్ట్ ఒక పుట పాఠాన్ని పైపులోకి పంపేటప్పుడు సీ లైబ్రరీ దాన్ని 4096 బైట్ల లెక్కన తెంపి పంపుతుంది. అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి అయిన యుటిఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటీ 3 బైట్లు. ‘జ్యోత్స్న’ అనే ఒక్క మాటలో హల్లులు, పొల్లులు, ఓత్వం కలిపి 9 సంకేతాలు, అంటే 27 బైట్లు. తెగిన చోటు సంకేతం మధ్యలో పడితే, మొదటి ముక్కను విడిగా డీకోడ్ చేసినప్పుడు (బైట్లను తిరిగి అక్షరాలుగా మార్చినప్పుడు) అది అర్థంలేని బైటుగా మిగులుతుంది, తర్వాతి ముక్క మొదలూ అంతే. ఇంగ్లీషు అక్షరానికి ఒకటే బైటు కాబట్టి ఇంగ్లీషు పాఠంతో ఎంత పరీక్షించినా ఈ దోషం ఎన్నటికీ బయటపడదు. తెలుగు కోసం చేసే సాఫ్ట్‌వేరును తెలుగు పాఠంతోనే, అదీ నిండు పుటలతోనే పరీక్షించాలని నేను గట్టిగా కోరుతున్నాను.

వచ్చిన బైట్లను వెంటనే డీకోడ్ చేయకుండా ఒక చోట పోగుచేసి, వరుస ముగింపు కనిపించిన చోటు దాకా మాత్రమే డీకోడ్ చేసి విండోకు ఇవ్వమన్నారు బాబాయి గారు. యుటిఎఫ్-8లో తెలుగు సంకేతాల బైట్లన్నీ 128 లేదా అంతకు మించిన విలువలే. వరుస ముగింపు విలువ 10. కనుక అది తెలుగు అక్షరం మధ్యలో దొర్లే అవకాశమే లేదు, అక్కడ తెంపితే ఏ అక్షరానికీ హాని జరగదు. ప్రోగ్రాము ముగిసినప్పుడు, వరుస ముగింపు లేకుండా మిగిలిపోయిన చివరి ముక్కను మరచిపోకుండా చూపించాలి. ఈ రెండు మాటలకు సరిపడే కోడు పట్టుమని పది వరుసలు కూడా లేదు. మాస్టార్లు ఇప్పుడు విండోలో చూసే పాఠం, ఫైలులో ఉన్న పాఠం అక్షరం పొల్లుపోకుండా ఒకటే.

విండోస్ భారమంతా తమ్ముడు మోశాడు. టెర్మినల్‌లో తెలుగు శీర్షికలు రాస్తున్న పైథాన్, పైపులోకి రాయాల్సి వచ్చేసరికి విండోస్ పాత కోడ్ పేజీని (అక్షరాల పట్టికను) పట్టుకుని, అందులో తెలుగు లేదని దోషం చూపి ఆగిపోయేది. పైథాన్ యుటిఎఫ్-8 మోడ్‌ను ఆన్ చేసే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను (ప్రోగ్రాముకు బయటి నుంచి అందే అమరికను) క్యూప్రాసెస్ ద్వారా పంపి అతను దాన్ని సరిచేశాడు. ‘ఆపు’ బటన్ సంగతి కూడా అతనే తేల్చాడు. ముగించమని కోరే టర్మినేట్ పిలుపు విండోస్‌లో కమాండ్ లైన్ ప్రోగ్రాములకు సాధారణంగా పట్టదు. లినక్స్‌లోనేమో స్క్రిప్టు ఆగినా దాని కింద నడిచే టెసరాక్ట్ ఆ పుట అయ్యేదాకా నడుస్తూనే ఉంటుంది. అతను స్క్రిప్టు స్టాండర్డ్ ఇన్‌పుట్‌ను (విండో నుంచి స్క్రిప్టుకు సమాచారం అందే పైపును) ఆధారం చేసుకున్నాడు. ‘ఆపు’ నొక్కితే విండో ఆ పైపును మూసేస్తుంది. దాన్నే గమనిస్తూ ఉండే స్క్రిప్టులో సమాంతరంగా నడిచే ఒక థ్రెడ్, పైపు మూతపడగానే టెసరాక్ట్‌ను ఆపి, స్క్రిప్టును ముగిస్తుంది. ఏ కారణం చేతనైనా విండో హఠాత్తుగా మూతపడ్డా పైపు దానంతటదే మూసుకుంటుంది కాబట్టి, వెనక అనాథగా నడిచే ప్రాసెసు ఒక్కటీ మిగలదు. ఇంత చక్కని ఉపాయం ఇంకా చదువు పూర్తికాని కుర్రవాడికి తట్టడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

ముగ్గురూ ఇచ్చిన వివరణలను కోడులో ఆయా చోట్ల తెలుగు వ్యాఖ్యలుగా రాసి ఉంచాను. పఠనాలయానికి వచ్చి అడిగినవారికి పూర్తి కోడు కాపీ చేసి ఇస్తాం. బాబాయి గారూ, అడిగిందే తడవుగా ఆదివారాలన్నీ మాకే కేటాయించారు. అక్కా, మీరు పట్టిచ్చిన ఆ ఒక్క వరుస లేకపోతే పెద్ద సంపుటాల పని ఇప్పటికీ పూర్తయ్యేది కాదు. తమ్ముడూ, పరీక్షలు దగ్గరపడుతున్నా మాట నిలబెట్టుకున్నావు. మీ ముగ్గురికీ మాస్టార్ల తరఫున, నా తరఫున మనఃపూర్వక కృతజ్ఞతలు.