కువైట్‌లో ఉన్న సత్తిబాబు బావకి

బావా,

ఎలా ఉన్నావ్. నీ వాయిస్ మెసేజ్ పదకొండు నిమిషాలదీ మొత్తం విన్నాను, మధ్యలో ఏసీ గోల, పై బంకులో ఎవరిదో గురక, అన్నీ వినిపించాయి. మీ చెల్లి కూడా విని "అన్నయ్య ఇంకా ఆ రూమ్‌లోనే ఉన్నాడా" అని నవ్వింది. నేనూ వాయిస్‌లోనే జవాబిద్దామనుకున్నా గానీ నేను ఫోన్లో మాట్లాడితే వీధి చివరి దాకా వినపడుతుందంట, ఐఎస్‌డీ లైన్లో అరిచి అరిచి గొంతు అలా సెట్ అయిపోయింది మరి, అందుకని టైప్ చేస్తున్నా. అబ్బాయి తెలుగు కీబోర్డ్ పెట్టి వెళ్ళాడు. ఒత్తులు తప్పులుంటే సర్దుకో.

నువ్వడిగింది ఒక్కటే, వచ్చే ఏడాది అరవై నిండుతాయి, వచ్చేయనా ఇంకో రెండేళ్ళు లాగనా అని. ముందు అకామా, అదే అక్కడ ఉండే పర్మిట్, దాని సంగతి చెప్తా. నాకు అరవై వచ్చేసరికి ఏం జరిగిందో నీకు తెలుసు. డిగ్రీ లేనోళ్ళకి అరవై దాటితే రెన్యువల్ లేదని 2021లో మొదలెట్టారు, గోల అయ్యాక 2022లో ఏడాదికి 250 దినార్లు ఫీజు, దానిపైన ప్రైవేట్ ఇన్సూరెన్స్ కట్టుకుంటే ఉండొచ్చన్నారు. మా కంపెనీ మేం కట్టం అంది. నేనెందుకు కడతాను, ఆ డబ్బులతో ఇక్కడ ఏడాది తిండి గడిచిపోద్ది. ఆ రూల్ పూటకోలా మారుతుంటది కాబట్టి నా మాట పట్టుకోకు, కంపెనీ వీసా కాయితాలు చూసే మీ మందూబ్‌ని అడుగు, అడిగేటప్పుడు చాయ్ కూడా ఇప్పించు.

ఇంకోటి, సర్వీస్ డబ్బుల లెక్క నువ్వే వేసుకో, వాళ్ళు వేసిచ్చిన కాయితం మీద సంతకం పెట్టేయకు. మొదటి అయిదేళ్ళకి ఏడాదికి పదిహేను రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికో నెల, కానీ మొత్తం మీద ఏడాదిన్నర జీతం దాటకూడదు. నేను ఈ చివరి కంపెనీలో 27 ఏళ్ళు చేశాను కదా, లెక్కేస్తే దాదాపు పాతిక నెలలు వచ్చింది, చట్టం పద్దెనిమిది దగ్గర ఆపేసింది. అంటే చివరి ఆరేడేళ్ళు నేను చేసిన చాకిరీకి ఆ ఖాతాలో ఒక్క ఫిల్స్ కూడా పడలేదన్నమాట. ఈ సంగతి నాకు ఆఖరి రోజు అకౌంట్స్ కుర్రాడు చెప్పేదాకా తెలీదు. నువ్వు మా తర్వాత చేరావు కాబట్టి నీ లెక్క వేరు, కానీ గీత దాటాక ఇంకా లాగడంలో ఏమొస్తదో చూసుకో.

సరే ఇల్లు. వచ్చిన మొదటి నెల పెళ్ళికొడుకులా చూశారు బావా, పులస అన్నారు, రొయ్యలన్నారు, పొద్దున్నే పెసరట్టు. రెండో నెల్లో మీ చెల్లి అడిగింది, చాలా మామూలుగా, బట్టలు మడతపెడుతూ, "టికెట్ ఎప్పటికి" అని. అడిగేసి తనే నాలిక కరుచుకుంది. తప్పు తనది కాదు. 1991లో పెళ్ళి, 2023లో నేను రావడం, రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు. ముప్పై రెండేళ్ళ కాపురంలో మేం కలిసున్నది ముప్పై రెండు నెలలు. రెండు నెలలు దాటితే నేను వెళ్ళిపోవాలని ఆ గోడలకి కూడా అలవాటు.

ఈ ఇంటికి నేను లేకుండా నడవడం బాగా వచ్చు. కరెంటు బిల్లు ఎప్పుడొస్తదో, గ్యాస్ ఎవడు తెస్తాడో, కొబ్బరికాయల దింపు ఎన్నాళ్ళకోసారో, ఏ వర్తకుడు కాయల లెక్కలో కోతేస్తాడో, అన్నీ తనకి తెలుసు. నేను వెళ్ళి దింపు దగ్గర నిలబడ్డానా, దింపువాడు కాయలు లెక్కపెట్టేసి నన్ను దాటుకుని లోపలికి చూసి "అమ్మగారూ, లెక్క రాసుకోండి" అంటాడు. ఊళ్ళో మా ఇంటిని ఇప్పటికీ కువైటోళ్ళ ఇల్లు అనే అంటారు, ఆ కువైటోడే వచ్చి ఇంట్లో కూర్చుంటే మాత్రం ఎవరికీ ఏం చేయాలో తోచట్లేదు.

వంట సంగతి విను, నవ్వుతావు. ఒక శుక్రవారం నేను చికెన్ వండుతానన్నా, రూమ్‌లో మనం తిన్నట్టు, ఆ మలయాళీ మసాలా పొడి వేసి. నా చేతికి ఎనిమిది మంది కొలతే వచ్చు బావా. మూడు కేజీల కోడి, ఇంట్లో ఉన్నది ఇద్దరం. ఉల్లిపాయలు కోస్తూ కోస్తూ అలవాటుగా మూడో బర్నర్ వైపు చెయ్యి చాపా, అక్కడ మూడో బర్నర్ లేదు. మీ చెల్లి ఏమీ అనకుండా గిన్నెలు తీసి వీధిలో నాలుగిళ్ళకి పంచింది. ఆ పక్కింటావిడ మర్నాడు "అన్నయ్యగారు వండారంట కదా" అంది ఎటకారంగా.

పిల్లల సంగతి నీకు చెప్పక్కర్లేదు, నీకూ ఇద్దరున్నారు. మా అమ్మాయి పుట్టినప్పుడు ఫోటో కవర్లో వచ్చింది, దాన్ని మొదటిసారి ఎత్తుకునేసరికి ఏడాదిన్నర, ఎత్తుకోగానే ఏడ్చి వాళ్ళ మావయ్య దగ్గరికి పారిపోయింది. చిన్నప్పుడు "నాన్న" అంటే ఫోన్ చూపించేది. ఇప్పుడు భీమవరంలో దాని సంసారం దానిది, వస్తుంది, బాగా చూసుకుంటుంది, కానీ ఏదన్నా కష్టమొస్తే తల్లితోనే గుసగుస, నేను గదిలోకి వెళ్తే ఇద్దరూ ఆపేస్తారు. "ఏంటమ్మా" అంటే "ఏం లేదు నాన్నా, నువ్వు తిన్నావా". అదేంటో మనం ఫోన్లో అడిగే ప్రశ్నే, తిన్నారా, తిన్నారా అని, అదే మనకి తిరిగొస్తోంది. కోపం రాదు. డబ్బు పంపడం ప్రేమే కాదని ఎవడన్నా అంటే మాత్రం వాణ్ణి జులైలో ఖైతాన్ బస్టాపులో మిట్టమధ్యాహ్నం అరగంట నిలబెట్టాలి. 2016లో అక్కడెక్కడో మిత్రిబాలో 53.9 డిగ్రీలు కొట్టింది గుర్తుందా, ప్రపంచ రికార్డుల లెక్కలోకి కూడా ఎక్కింది, ఆ రోజు కూడా మనం డ్యూటీకే వెళ్ళాం.

నా యుద్ధం కథ నీకు వందసార్లు చెప్పాను, నూట ఒకటోసారి విను. 1990 ఆగస్టు 2న ఇరాక్ వాళ్ళు వచ్చినప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు, కువైట్ వచ్చి రెండేళ్ళు. బస్రా మీదుగా బాగ్దాద్, అక్కణ్ణుంచి జోర్డాన్ బోర్డర్లో గుడారాలు, అమ్మాన్‌లో ఎయిరిండియా. రెండు నెలల్లో లక్షా డెబ్భై వేల మందిని తెచ్చారు అలా. వీపీ సింగ్ ప్రభుత్వం, విదేశాంగ మంత్రి గుజ్రాల్ గారు స్వయంగా బాగ్దాద్ వెళ్ళి సద్దాంని కలిసొచ్చారు. ఆయన సద్దాంని కౌగిలించుకున్నాడని అప్పుడు ఢిల్లీలో తిట్టినోళ్ళున్నారు. ఆ గుడారంలో పడుకున్నవాణ్ణి నేను, నా మటుకు నాకు ఆయన ఎవర్ని కౌగిలించుకున్నా పర్లేదు. తర్వాత ఐక్యరాజ్యసమితి వాళ్ళు ఇరాక్ చమురు డబ్బుల్లోంచి నష్టపరిహారం ఇచ్చారు, నాకు విడతలుగా 4,000 డాలర్లు వచ్చాయి, ఈ ఇంటి స్లాబు అవే. ఇప్పుడు వాన పడితే ఆ స్లాబే ఒక మూల కారుతోంది, సద్దాం మీద కేసెయ్యాలి.

రాజకీయాల గురించి అడిగావు కదా, నీకు అక్కడ పని తక్కువైనట్టుంది. అక్కడివి ముందు. ముప్పై అయిదేళ్ళలో మనం నలుగురు ఎమీర్లని చూశాం, మజ్లిస్, అదే వాళ్ళ పార్లమెంటు, ఎలక్షన్లు లెక్కలేనన్ని చూశాం. దివానియాల్లో, వాళ్ళ ఇళ్ళల్లో మగాళ్ళు కూర్చునే కచేరీ గదుల్లో, రాత్రంతా వాళ్ళు వాదించుకుంటుంటే మనం టీలు అందించాం. 2005లో వాళ్ళ ఆడవాళ్ళకి ఓటొచ్చిన రోజు మా మేడం ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచింది, నాకూ పెట్టింది. 2024 మేలో కొత్త ఎమీర్ షేక్ మిషాల్ మజ్లిస్‌ని రద్దు చేసి నాలుగేళ్ళ దాకా లేదన్నప్పుడు నేను ఇక్కడ టీవీలో చూశాను. నిజం చెప్పనా, మనకి బాధా లేదు సంతోషం లేదు. మనం ఎన్నేళ్ళున్నా ఆ దేశం మనది కాదు, మనకి ఎప్పుడూ ఎవరూ అవుతుందని చెప్పలేదు కూడా, ఆ విషయంలో అమెరికా వాళ్ళకంటే మనకే క్లారిటీ ఎక్కువ. వాళ్ళు గ్రీన్‌కార్డని పాతికేళ్ళు ఎదురు చూసి ఏడుస్తారు, మనకి ఎదురుచూపే లేదు. ఇప్పుడు ఇచ్చిన పౌరసత్వాలే వేలల్లో వెనక్కి లాక్కుంటున్నారు, ఇంక మనమెంత. ఈ పేరా మాత్రం గ్రూపులో పెట్టకు తండ్రీ.

అక్కడ మనల్ని ఎవరూ అడగరు, అదొక పద్ధతి. మరి ఇక్కడ? 1991లో, రాజీవ్ గాంధీ పోయిన ఎన్నికల్లో, యుద్ధం పుణ్యమా అని ఊళ్ళో ఉన్నాను కాబట్టి ఓటేశాను. మళ్ళీ 2024 మే 13న. మధ్యలో ముప్పై మూడేళ్ళు. ఎన్నారైలు కూడా పేరు రాయించుకోవచ్చని చట్టం తెచ్చారు, కానీ బూత్‌కి స్వయంగా రావాలి. మన బదులు ఇంకొకరు వేసే ప్రాక్సీ ఓటని 2018లో లోక్‌సభలో పాసయింది, రాజ్యసభ మాత్రం దాటలేదు. ఒక్క వేలి మీద చుక్క కోసం ఎవడు దినార్లు పోసి టికెట్ కొంటాడు బావా, అది ఎన్నారైలనే పేరుతో కోటీశ్వరుల కోసం రాసిన చట్టం.

లైన్లో రెండు గంటలు నిలబడ్డా, నా వెనకాల కుర్రాడు "తాతా, నీడలో కూర్చో, నేను చెప్తా నీ వంతు" అన్నాడు. తాత! వేలి మీద సిరా చూసుకుంటుంటే కొంచెం గొంతు పట్టేసింది, ఎవరికీ చెప్పలేదు, నీకే చెప్తున్నా. ఎవరికేశానో మాత్రం అడక్కు. 2019లో గుర్తుందా, రాష్ట్రం మొత్తం మీద జనసేన గెలిచిన ఒక్క సీటూ మన రాజోలు, ఆ రాత్రి రూమ్‌లో డాన్సులు, ఆ గెలిచినాయన తర్వాత వైసీపీ వైపు తిరిగేసరికి అదే రూమ్‌లో రైస్ కుక్కర్ మూత ఎగిరింది. 2024లో పోటీ చేసిన ఇరవై ఒకటికి ఇరవై ఒకటీ గెలిచారు, కూటమికి మొత్తం 164, ఇప్పుడు డాన్సులేసే ఓపిక ఎవరికుంది. పార్టీ కంటే కులమే ఎక్కువ మాట్లాడుతోంది ఊళ్ళో, జిల్లాకి అంబేడ్కర్ గారి పేరు పెట్టినందుకు 2022 మేలో అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు కదా. ఆ రాత్రి కువైట్‌లో మన ఎనిమిది మందిలో అన్ని కులాల వాళ్ళూ ఉన్నారు, ఒకే కుక్కర్ అన్నం, ఎవరూ ఎవరి మొహం చూడలేదు, గుర్తుందా. నేను దేశం మీద బెంగ పెట్టుకున్నది ఆ ఒక్క రాత్రే.

ఇంకా ఏముంది, కోటిపల్లి నరసాపురం రైలు పని స్పీకర్ బాలయోగి గారి రోజుల్లో మొదలైంది, నేను వెళ్తూ వస్తూ ఉండగా గోదాట్లో స్తంభాలు లేచాయి, రైలు మాత్రం రాలేదు. దగ్గర దారిన నరసాపురం వెళ్ళాలంటే నేను ఇప్పటికీ సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాల్సిందే. మా వీధి చివర ఒకమ్మాయి, పాతికేళ్ళుండవు, ఇద్దరు పిల్లల్ని అమ్మమ్మ దగ్గరొదిలి అక్కడికి ఖద్దామా పనికి, అదే ఇంటి పనికి, వెళ్ళింది. ముప్పై దాటందే ఆడవాళ్ళని ఆ పనికి పంపకూడదని రూలుంది, ఏజెంటు విజిట్ వీసా మీద చుట్టూ తిప్పి పంపాడు. వెళ్ళేముందు నా దగ్గరికొచ్చి "బాబాయ్, అక్కడ ఎలా ఉంటది" అని అడిగింది. ఏం చెప్పను. వీసా ఇచ్చిన కఫీల్ మంచోడైతే ఒకలా, కాకపోతే ఒకలా అన్నాను. పాస్‌పోర్ట్ లాక్కుంటే ఎంబసీకి ఎలా వెళ్ళాలో కాయితం మీద రాసిచ్చాను. పని వదిలి పారిపోయి ఖల్లివల్లి అవ్వకు, ఏమైనా అకామా పోనివ్వకు అన్నాను. ఇదే నా సలహా, ముప్పై అయిదేళ్ళ అనుభవానికి. అక్కడ మంగాఫ్‌లో బిల్డింగ్ అంటుకుని 45 మంది మనవాళ్ళు పోయిన రోజు, అందులో ముగ్గురు ఆంధ్రా వాళ్ళు, నేను నీకు ఏడుసార్లు చేశాను, నువ్వు ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని నిద్రపోయావు. నీ రూమ్‌లో కూడా తలుపు దగ్గరే గ్యాస్ సిలిండర్ ఉంటది కదా, అది మార్పించు ముందు, రావడం తర్వాత సంగతి.

అసలు చెప్పాలనుకున్నది ఇది. నేనూ మీ చెల్లీ ఎదురెదురుగా కూర్చుంటే మాటలుండవు బావా. టీవీ చూస్తాం, కూర బాగుందంటాను, సరే అంటుంది. శుక్రవారం సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి, అంటే అక్కడ రెండు, భోంచేసి నేను ఫోన్ చేసే టైము, తను ఏ పనిలో ఉన్నా ఫోన్ వైపు ఒకసారి చూస్తుంది, నేను ఎదురుగా సోఫాలోనే ఉంటాను. ముప్పై ఏళ్ళ అలవాటు. మొన్న అదే టైముకి కాలవ గట్టు మీద ఉన్నాను, ఊరికే చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. "ఎక్కడున్నారు" అంది. "కాలవ గట్టు మీద" అన్నా. "ఎండగా ఉందా", "లేదు, గాలొస్తోంది". అలా మొదలై నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం, అమ్మాయి అత్తగారింటి గొడవ, నాకు ఎప్పుడూ చెప్పనిది, మొత్తం చెప్పింది, వాళ్ళ నాన్న పోయినప్పుడు నాకు సెలవు దొరకలేదని ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్నది కూడా చెప్పింది, నేను వింటూ గట్టు మీద అటూ ఇటూ నడుస్తున్నా, జనం చూస్తున్నారు. ఇంటికొచ్చాక ఇద్దరం ఆ ఊసెత్తలేదు, కాఫీ ఇచ్చింది, తాగాను. ఇప్పుడు ప్రతి శుక్రవారం నాలుగున్నరకి గట్టు మీదకెళ్తున్నా.

నువ్వొచ్చే మాటయితే దసరా లోపల రా, సంక్రాంతికి టికెట్లు మండిపోతాయి. నిడో డబ్బాలు, టైగర్ బామ్‌లు మోసుకురాకు, ఇక్కడ అన్నీ దొరుకుతున్నాయి. నా బంకు కింద స్టీల్ క్యారేజీ ఒకటుంది, నాలుగు గిన్నెలది, మూతకి నా పేరు గీకి ఉంటది, అది ఎవడన్నా వాడుతుంటే లాక్కుని మరీ పట్టుకురా. మా చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ బావ