సిగ్నల్ ఏ వేళకు పోయిందని ఎవరైనా అడిగారా?

సంపాదకులకు నమస్కారం.

అక్టోబరు రెండో వారం అంటే మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎవరికీ కంటి నిండా నిద్ర ఉండదు. పైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ ఆ మరుసటి ఏడు అదే తేదీన, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. తుపాను ముందు పునరావాస కేంద్రాలు, బియ్యం, కొవ్వొత్తుల గురించి పత్రికల్లో వివరంగానే వస్తుంది. ఫోన్ల సంగతి మాత్రం 'సమాచార వ్యవస్థ స్తంభించింది' అన్న ముక్కతో తేల్చేస్తారు. టెలికాం శాఖలో కేబుల్ స్ప్లైసర్‌గా ముప్పై ఏళ్లు తీగలు అతికి రిటైరైనవాణ్ని. ఆ ముక్క చదివితే నాకు ఒళ్లు మండుతుంది. డాక్టరు దగ్గరికెళ్లి 'ఒంట్లో బాగోలేదు' అని ఊరుకుంటే ఏ మందు ఇస్తాడు?

తిత్లీ నాడు జరిగింది చెబుతాను. ముందు రాత్రే కరెంటు పోయింది. తెల్లవారేసరికి మా పెరట్లో పదకొండు కొబ్బరి చెట్లు నేల మీద ఉన్నాయి, జీడి తోట ఆనవాలు లేదు. అయినా ఫోన్ పలికింది! ఊరి చివర టవర్ జనరేటర్ మీద నడుస్తోంది. మర్నాడు, 12వ తేదీ ఉదయం, రెండూళ్ల అవతల ఉండే మా వియ్యంకుడితో మాట్లాడుతున్నాను. "బావగారూ, మా పశువుల శాల..." అంటుండగా మాట తెగింది. పాత అలవాటు, గోడ మీది క్యాలెండర్ వెనక రాసుకున్నాను: 9.50. ఆయనేమో మా టవర్ పోయిందనుకున్నాడట, నేను వాళ్లది పోయిందనుకున్నాను. సాయంత్రం నడిచొచ్చిన పాలబ్బాయిని అడిగితే, మధ్య ఊళ్లో కూడా పొద్దున్న పది లోపే పోయిందన్నాడు. సోంపేట వైపు మాత్రం ఫోన్లు మోగుతూనే ఉన్నాయట.

తెలిసినవాడికి ఇంతకన్నా ఆనవాలు అక్కర్లేదు. డీజిల్ అయిపోయి, బ్యాటరీలు దిగిపోయి ఆగే టవర్లు ఒకటొకటిగా ఆగుతాయి. ఒకటి మధ్యాహ్నం, ఇంకొకటి రాత్రి, ఎవరి బ్యాటరీ ఎంత పాతదైతే అంత ముందు. ఒకే దారిలోని మూడు ఊళ్లు ఒకే నిమిషంలో మూగబోతే అది టవర్లను కలిపే గాజు తీగ, అంటే ఫైబర్, తెగడమే. చుట్టుపక్కల అన్నీ పనిచేస్తూ ఒక్క టవర్ గాలి వేళకే పోతే, తీగ లేకుండా దాన్ని పక్క టవర్‌తో కలిపే మైక్రోవేవ్ డిష్ ఓ రెండు డిగ్రీలు పక్కకు తిరిగిందేమోనని ముందు పైకెక్కి చూడాలి.

13న కంపెనీ తరఫున ఇద్దరు కుర్రాళ్లు వ్యానులో డీజిల్ డబ్బాలు తెచ్చారు. (ఏ కంపెనీ అన్నది వద్దు, కుర్రాళ్ల తప్పు లేదు.) జనరేటర్‌లో పోశారు. అది గురగురమంది. ఫోన్ మాత్రం పలకలేదు. "ఏటి మావా, ఇంజినేమో మోగతంది, ఫోను మోగదేటి?" అని మా పక్కింటి ఆమె నన్నే నిలదీసింది. ఆమె పెనిమిటికి డయాలసిస్. మిషన్లు నడుస్తున్నాయో లేదో కనుక్కునే దారి లేక, పడిన చెట్ల మీదుగా బండి దాటించుకుంటూ ఆ పొద్దున్నే కొడుకు తీసుకెళ్లాడు. మనిషి తిరిగొచ్చాడో లేదో తెలియక ఆమె టవర్ గేటు దగ్గరే కూర్చుంది.

డీజిల్ ఎందుకు తెచ్చారని కుర్రాణ్ని అడిగాను. "కంట్రోల్ రూములో చూసి పంపారండీ. మెయిన్స్ లేదని అలారం, డీజిల్ తగ్గిందని అలారం, ఆ తర్వాత సైటు మాయం" అన్నాడు. అదీ సంగతి. కరెంటు లేదన్నది నిజం, డీజిల్ తగ్గిందన్నదీ నిజమే, సైటు పోయింది మాత్రం ఆ రెండింటి వల్లా కాదు. ఆ అలారాలు వచ్చేది ఫైబర్ మీదే. అది తెగితే ఏం జరిగిందో చెప్పే నోరే ఉండదు, తెర ముందు కూర్చున్నవాళ్లు చివరగా విన్నదాన్నే కారణమనుకుంటారు. 12న 9.50కి మా రోడ్డు మీద ఏముందో ఊళ్లో పిల్లాడైనా చెబుతాడు: చెట్లు తీస్తున్న జేసీబీ. గాలికి తెగని కేబుల్‌ను దాని పళ్లు తెంపాయి. డ్రైవర్‌ను ఏమంటాం, రాత్రింబవళ్లు పనిచేస్తున్నాడు, కింద ఏముందో అతనికెవరూ చెప్పలేదు.

14న స్ప్లైసింగ్ బండి వచ్చింది. ఓటీడీఆర్ పెట్టారు. ఇది ఫైబర్‌లోకి వెలుగు పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి తెగిన చోటు ఎంత దూరమో లెక్కగడుతుంది. గాజులో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 3.84 కిలోమీటర్లని చూపింది. బైకు మీటరు చూసుకుంటూ సరిగ్గా అంత దూరం వెళ్లి తవ్వారు. కేబుల్ చెక్కుచెదరలేదు. అది చూపేది కేబుల్ పొడవు బాబూ, రోడ్డు పొడవు కాదు, ప్రతి జాయింట్ దగ్గరా కొన్ని మీటర్లు చుట్ట చుట్టి వదులుతారు, కాబట్టి వెనక్కి రండి అన్నాను. ఎనభై మీటర్లు వెనక, కల్వర్టు పక్కన దొరికింది.

టార్పాలిన్ కింద కూర్చుని, వెంట్రుక మందం ఉండే పోగును ఆల్కహాల్ గుడ్డతో తుడిచి, చివర నున్నగా కోసి, యంత్రంలో పెట్టి కరిగించి అతికాడు ఆ అబ్బాయి. నీలం, నారింజ, ఆకుపచ్చ... ఇరవై నాలుగు పోగులు. చినుకు పడినప్పుడల్లా నా గొడుగు అడ్డం పెట్టాను. దీపాలు పెట్టే వేళకు సిగ్నల్ వచ్చింది. జబ్బు ఏమిటో 12నే తెలిసి ఉంటే రెండు రోజులు మిగిలేవి.

నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. ఏ కంపెనీ సిగ్నల్ ఏ తేదీ, ఏ గంటకు పోయిందో ప్రతి గ్రామ సచివాలయంలో కరెంటు పనులు చూసే ఎనర్జీ అసిస్టెంటో మరొకరో ఒక కాగితం మీద రాయాలి. పోలీస్ స్టేషన్ వైర్‌లెస్ సెట్ నుంచి ఆ కాగితం కలెక్టరేట్‌కు చదివి వినిపించాలి, అక్కణ్నుంచి కంపెనీలకు వెళ్లాలి. కేబుల్ దారి తెలిసిన మనిషి ఒకడు జేసీబీ వెంట నడవాలి. స్తంభాలు నిలబెట్టే సిబ్బందికీ ఆ మనిషి అవసరమే, ఈ మధ్య ఫైబర్ కరెంటు స్తంభాల మీదే వేలాడుతోంది. డీజిల్ సంగతి వేరే చెప్పాలా, హెచ్చరిక వచ్చిన రోజే పోసుకోవాలి.

చదివేవాళ్లకు ఇంకో ముక్క. విపత్తు వేళ, బతికున్న ఏ కంపెనీ టవర్ నుంచైనా మాట్లాడుకునేలా ఇంట్రా సర్కిల్ రోమింగ్ తెరుస్తారు. మీ ఫోన్లో నెట్‌వర్క్ ఎంపిక 'ఆటోమేటిక్'లో లేకపోతే అది అందకపోవచ్చు, ఇవాళే చూసుకోండి.

మా మండలంలో తుపాను ముందు సమావేశం పెడితే నాకూ కబురు చేయమని అధికారులకు మనవి. శుక్లాల ఆపరేషన్ అయ్యాక పోగులు అతకలేను గానీ, ఏ కల్వర్టు పక్క నుంచి ఏ కేబుల్ పోతుందో నడిచి చూపించగలను.

ఇట్లు,
ఒక విశ్రాంత కేబుల్ స్ప్లైసర్,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా