మెనై జలసంధి ఆల్చిప్పలకు ఒక తేదీ చెప్పండి

బ్రిటన్ పర్యావరణ, ఆహార, గ్రామీణ వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఉత్తర వేల్స్‌లోని బాంగర్‌లో ఉంటున్న తెలుగువాణ్ణి. మా ఊరికీ ఆంగ్లెసీ దీవికీ మధ్య మెనై జలసంధిలో పెంచే మసెల్స్ గురించి, అంటే నల్ల ఆల్చిప్పల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పిల్ల చిప్పలను తెచ్చి ఇక్కడి జలసంధి అడుగు నేల మీద పరిస్తే ఎదగడానికి రెండు మూడేళ్లు పడుతుంది. తీశాక మాత్రం తొందరే. బతికున్న చిప్ప మూత బిగించుకుని ఉంటుంది. ఆలస్యమయ్యేకొద్దీ మూత తెరుచుకుంటుంది, వేలితో తట్టినా మూసుకోదు. దాన్నిక ఎవరూ కొనరు. అందుకే ఒకప్పుడు తీసినవి తీసినట్టే లారీల్లో నెదర్లాండ్స్‌కు వెళ్లేవి. శుద్ధి, అంటే శుభ్రమైన నీటిలో ఉంచి లోపలి క్రిములను పోగొట్టడం, అక్కడే జరిగేది.

2021 జనవరి 1తో అది ఆగిపోయింది. ‘బి’ తరగతి నీళ్లలో, అంటే కొన్ని క్రిములుండే నీళ్లలో పెరిగిన చిప్పలను శుద్ధి చేయకుండా పంపితే యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి తీసుకోదు. మన నీళ్లూ మారలేదు, చిప్పలూ మారలేదు. మనం బయటి దేశమయ్యాం, అంతే. ఇక్కడే శుద్ధి చేయొచ్చు కదా అంటారు. అంత సరుకుకు సరిపడా ట్యాంకులు కట్టాలి. పైగా శుద్ధి చేశాక అవి ఎక్కువ రోజులు నిలవవు. ఆ కాస్త వ్యవధిలోనే ప్రయాణం, సరిహద్దులో కాగితాల తనిఖీ అన్నీ అయిపోవాలి.

బ్రెగ్జిట్ (యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం) మాటెత్తితే అందరూ కోటాల గురించే, అంటే ఎవరు ఎన్ని చేపలు పట్టుకోవచ్చనే పరిమితుల గురించే మాట్లాడతారు. వేల్స్ పడవల్లో చాలావరకు పది మీటర్లలోపు చిన్నవి. అవి పట్టే పీతలకు, లాబ్‌స్టర్లకు అసలు కోటాయే లేదు. కోటా పెరిగితే వాళ్లకు ఒరిగేదేముంది? వాళ్లకు కావలసింది మార్కెట్. అది సముద్రం అవతల ఉంది. ఇప్పుడు లోడు లోడుకూ ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఆ ఖర్చు చివరికి పీతలు తెచ్చిన మనిషి చేతికొచ్చే ధరలోనే తగ్గుతుంది.

2025 మే 19న లండన్‌లో బ్రిటన్‌కూ యూరోపియన్ యూనియన్‌కూ మధ్య కుదిరిన అవగాహనలో, యూరప్ పడవలు మన జలాల్లో 2038 జూన్ 30 వరకు చేపలు పట్టుకోవచ్చని తేదీతో సహా ఒప్పుకున్నారు. ఈ చిప్పల ఎగుమతి మళ్లీ మొదలవుతుందని కూడా అప్పుడే చెప్పారు. దానికి మాత్రం ఆ కాగితంలో తేదీ లేదు. 2021లోనూ ఏప్రిల్‌కల్లా దారి తెరుచుకుంటుందన్నారు. తెరుచుకోలేదు.

మొదటి లారీ ఏ నెలలో బయల్దేరవచ్చో రాతపూర్వకంగా చెప్పండి. ఈ ఏడాది పరిచిన పిల్ల చిప్పలు అమ్మకానికి వచ్చేసరికి మరో రెండు మూడేళ్లు. కొనేవాళ్లుంటారో లేదో తెలియకుండా ఎవరు పరుస్తారు?

ఇట్లు,
బాంగర్ నుంచి ఒక తెలుగువాడు